కనబడలేదని వ్రాయడం



ఏ వైదికకర్మకైనా ఆదిలో సంకల్పం చెబుతాము. కర్త తానున్న దేశాన్నీ కాలాన్నీ నోరారా ఉచ్చరించిన తరువాతనే కర్మకు ఉపక్రమించాలి. తెలుగునాట పుట్టినవారికి ఆ దేశసంకీర్తనంలో శ్రీశైలం ప్రధానం. మనమున్న ఊరు శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నదో, ఏ నదుల నడుమ ఉన్నదో చెప్పుకొని, అటుపిమ్మట చేయబోయే కర్మను చెబుతాము. చాలా ఏళ్ళ క్రితం నేను అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి అర్చకునిగా వచ్చినప్పుడు, జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపమనీ, భరతవర్షానికి బదులు రమణకవర్షమనీ ఇక్కడ చెప్పే పద్ధతిని అలవరచుకొన్నాను. శ్రీశైలం మాటను మాత్రం విడువలేకపోయాను. అమెరికా పడమటి దేశం గనుక శ్రీశైలానికి పశ్చిమ దిగ్భాగమని చేర్చుకొని ప్రతిదినం అదే చెబుతూ వచ్చాను.

మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం అభిషేకానంతరం, ఉద్యోగవిరమణ చేసిన ఒక ఇంజనీరుగారు తీర్థం పుచ్చుకొంటూ అడిగారు: "శాస్త్రిగారూ, ఇక్కడినుంచి శ్రీశైలం ఏ దిక్కున ఉంటుందండీ?"

"తూర్పున" అన్నాను, తడుముకోకుండా.

ఆయన వాదించలేదు. మరుసటి వారం అరచేతిలో ఇమిడే ఒక పసుపుపచ్చని యంత్రాన్ని తెచ్చారు. గార్మిన్ ఈట్రెక్స్ అని దాని పేరు. చాలా పాతది. రెండు పెన్సిల్ బ్యాటరీలతో పనిచేస్తుంది. నన్ను ఆలయం వెనుక కార్లు నిలిపే ఆవరణలోకి తీసుకొని వెళ్ళి, శ్రీశైలపు అక్షాంశ రేఖాంశాలను అందులో నమోదు చేసి, నా చేతికిచ్చి నడవమన్నారు. నాలుగడుగులు వేశాను. తెరపైని బాణం తూర్పును చూపలేదు. ఉత్తరాన్ని చూపింది. ఉత్తరంనుంచి కొంచెం తూర్పుకు, సుమారు 22 డిగ్రీలు ఒరిగి నిలిచింది. దూరం ఇంచుమించు 13,350 కిలోమీటర్లు.

భూగోళంపై ఒక దారాన్ని బిగువుగా పట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. ఒహాయోనుంచి శ్రీశైలానికి అతిసమీపమైన మార్గం సముద్రాలమీదుగా తూర్పుగా సాగదు, ఉత్తరధ్రువ పరిసరాల మంచుభూములమీదుగా పోతుంది. మన సిద్ధాంత గ్రంథాలు మేరువును ఉత్తరధ్రువస్థానంలోనే చెబుతాయి. భూమి గోళాకారమని సూర్యసిద్ధాంతం చెబుతుందని ఎందరికో ఉపన్యసించినవాడను. ఆ గోళంపై నేనున్న చోటునుంచి నా శ్రీశైలం ఎటున్నదో ఒక్కసారి కూడా లెక్కవేయనివాడను. ఆ రాత్రి మా గురువుగారికి ఫోను చేసి జరిగినది విన్నవించాను. సంకల్పానికి లోపం వచ్చిందా, ప్రాయశ్చిత్తమేమైనా ఉన్నదా అన్నది నా ప్రశ్న. ఆయన ఎనభై దాటినవారు. కొంతసేపు మాట్లాడలేదు. "ప్రాయశ్చిత్తం సంగతి తరువాత. ఇన్నాళ్ళూ ఎందుకు చూసుకోలేదురా?" అన్నారు. నా వద్ద సమాధానం లేకపోయింది.

ఇంజనీరుగారు ఆ యంత్రాన్ని నా వద్దనే ఉంచేశారు.

యంత్రం పనిచేసే విధానాన్ని కొంత తెలుసుకొన్నాను. వైదికునికి అందులో ఆనందించదగినవి కొన్ని కలవు. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు పరిభ్రమిస్తుంటాయి. ఒక్కొక్కటి ఒక నాక్షత్ర దినంలో రెండు ప్రదక్షిణాలు చేస్తుంది. సావన దినంలో కాదు, నాక్షత్ర దినంలోనే. ప్రతి ఉపగ్రహమూ తన స్థానాన్నీ తన గడియారపు క్షణాన్నీ నిరంతరం ప్రకటిస్తూ ఉంటుంది. ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి యంత్రం దూరాన్ని గ్రహిస్తుంది. స్థాననిర్ణయానికి మూడు ఉపగ్రహాలు చాలునని తోస్తుంది గాని, యంత్రంలోని అల్పమైన గడియారపు దోషాన్ని సరిదిద్దుకోవడానికి నాలుగవది కావాలి. అంటే ఇది దేశాన్ని కాలంచేతనే కొలుస్తున్నది. సంకల్పంలో దేశకాలాలను ఒక్క ఊపిరిలో చెప్పేవారికి ఇది వింతగా తోచదు. మరొకటి. ఏయే ఉపగ్రహం ఎక్కడ ఉండబోతున్నదో తెలిపే సమాచారాన్ని ఉపగ్రహాలే ప్రసారం చేస్తాయి, అది సంపూర్ణంగా అందడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. దానిని వారు అల్మనాక్ అంటారు. ఆ ఆంగ్లపదానికి మన తెలుగు మాట పంచాంగం. చాలాకాలం వాడకుండా ఉన్న యంత్రం ఆకాశం క్రింద నిశ్చలంగా కూర్చుని ముందు పంచాంగశ్రవణం చేస్తుందన్నమాట.

ఇంకొక విశేషమున్నది. ఈ పాత యంత్రంలో దిక్సూచి లేదు. నిలబడి ఉన్నవానికి ఎటు తిరిగి ఉన్నాడో అది చెప్పలేదు. నడిచినప్పుడే, వెనుకటి స్థానాన్నీ ఇప్పటి స్థానాన్నీ పోల్చి, దిక్కును చూపుతుంది.

ఇక నేను చెప్పదలచిన విషయానికి వస్తాను.

మా అబ్బాయికి అప్పుడు పదిహేడేళ్ళు. ఆరేళ్ళ వయసులో ఈ దేశానికి వచ్చాడు. ఉపనయనమైన తరువాత రెండేళ్ళు శ్రద్ధగా సంధ్యావందనం చేశాడు. పదమూడవ ఏట, నేను ఆలయంలో దహరవిద్యపై ప్రవచనం చేసిన సాయంత్రం, ఇంటికి వస్తూ కారులో వెనుక సీటునుంచి అడిగాడు: "నాన్నగారూ, మీరు చూశారా?"

హృదయాకాశంలో ఉన్న పరతత్త్వాన్ని గురించే అడుగుతున్నాడని నాకు తెలుసు. ఇరవై నిమిషాలు సమాధానం చెప్పాను. బ్రహ్మం దృశ్యవస్తువు కాదనీ, చూచేవాడే తానైనప్పుడు చూశావా అన్న ప్రశ్నయే పొసగదనీ, శబ్దప్రమాణం ఎట్లా ప్రవర్తిస్తుందనీ విస్తరించి చెప్పాను. శాస్త్రదృష్టితో అందులో ఒక్క అక్షరమూ తప్పు కాదు. వాడు "సరేనండి" అన్నాడు. ఆ తరువాత అటువంటి ప్రశ్న మరి వేయలేదు. క్రమంగా సంధ్యావందనం ప్రాతఃకాలానికే పరిమితమైంది, తరువాత ఆదివారాలకు, తరువాత ఆగిపోయింది. నేను గద్దించాను, నచ్చజెప్పాను, మౌనం వహించాను. ఇంట్లో మా ఇద్దరిమధ్య మాటలు భోజనానికి పిలవడానికీ, కారు తాళాలు అడగడానికీ మిగిలాయి.

బల్లమీది పసుపుపచ్చ యంత్రాన్ని చూసి వాడే పలకరించాడు. "ఇది జియోకాషింగ్ ఆడేవాళ్ళు వాడతారు, తెలుసాండీ?"

ఆ క్రీడ పుట్టుక విచిత్రమైనది. 2000వ సంవత్సరం మే 1వ తేదీవరకు అమెరికా ప్రభుత్వం సామాన్యజనులకు అందే ఉపగ్రహ సంకేతాలలో బుద్ధిపూర్వకంగానే దోషాన్ని కలిపేది. చూపిన స్థానం వంద మీటర్లవరకు తప్పేది. ఆ రాత్రి ఆ దోషాన్ని తొలగించారు. మే 3వ తేదీన ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ సమీపాన డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్టులో కొన్ని వస్తువులూ, ఒక పుస్తకమూ, పెన్సిలూ పెట్టి అడవిలో దాచి, అక్షాంశ రేఖాంశాలను లోకానికి ప్రకటించాడు. కనుగొన్నవారు పుస్తకంలో వ్రాయాలి, ఏదైనా తీసుకొంటే మరేదైనా ఉంచాలి. కొద్దిరోజులలోనే ఒకరు కనుగొన్నారు. ఈనాడు భూమండలమంతటా అట్టి నిక్షేపాలు ముప్పై లక్షలకు పైబడి ఉన్నాయి. వాటిని భూమిలో పాతిపెట్టరాదని నియమం. కప్పవచ్చు, మరుగుపరచవచ్చు, త్రవ్వవలసిన పని మాత్రం ఉండరాదు. ఒక నిక్షేపానికీ మరొకదానికీ కనీసం 161 మీటర్ల ఎడం ఉండాలి.

అర్చకునికి ఈ బాలక్రీడ ఏమిటని కొందరు అన్నారు. నిజమే, మొదట నాకూ సంకోచం కలిగింది. కాని వారానికొక పూట నా కుమారునితో అడవిలో నడిచే అవకాశాన్ని ఏ ధర్మశాస్త్రం నిషేధించింది? సోమవారం మధ్యాహ్నాలు నాకు తీరిక. మా ఇంటావిడ పులిహోర కట్టి ఇచ్చేది. తిరిగి రాగానే స్నానం చేసి సాయంసంధ్యకు కూర్చునేవాడను. ఈ దేశపు అడవులలో గోమార్లు విస్తారం, ముట్టుకొంటే ఒళ్ళంతా దద్దురులెక్కే తీగ ఒకటి ఉంది, కనుక స్నానం ఆచారానికే కాక ఆరోగ్యానికీ అవసరమే.

మొదటి రెండు నిక్షేపాలు సులభంగా దొరికాయి. మూడవది మాకు పాఠం చెప్పింది.

అది బీచ్, మేపుల్ వృక్షాలు దట్టంగా ఉన్న ఒక లోయలో, వాగు ఒడ్డున ఉన్నది. వేసవి. ఆకులు ఆకాశాన్ని పూర్తిగా కప్పివేశాయి. యంత్రం మమ్మల్ని వాగుదాకా చక్కగా తెచ్చి, అక్కడ తికమకపడింది. ఒకసారి నాలుగు మీటర్లన్నది, మరుక్షణం పదిహేనన్నది, బాణం వెనుకకు తిరిగింది. నేను దానిని వదలక, తెరపై కన్నులు నిలిపి అటూ ఇటూ తిరుగుతున్నాను. "యంత్రాన్ని జేబులో పెట్టండి నాన్నగారూ" అన్నాడు వాడు. "ఇక్కడివరకే దాని పని. ఇకమీద కళ్ళతో వెతకాలి." దాచినవాని యంత్రంలోనూ కొన్ని మీటర్ల దోషముంటుంది, వెతికేవాని యంత్రంలోనూ ఉంటుంది, రెండూ కలుస్తాయని వివరించాడు.

శాఖాచంద్రన్యాయం నాకు తెలియనిది కాదు. చంద్రుని చూపడానికి కొమ్మను చూపుతారు, చూపు కొమ్మవద్దనే ఆగరాదు. ఈ న్యాయాన్ని ఎన్ని ప్రవచనాలలో ఉదాహరించానో లెక్క లేదు. అయినా ఆ యంత్రాన్ని జేబులో పెట్టడానికి నా చేయి ఒప్పుకోలేదు.

గంటన్నర వెతికాము. రాళ్ళు ఎత్తి చూశాము, తొర్రలలో కర్రతో తడిమాము. కుక్కను నడిపించుకొంటూ వచ్చిన ఒక వృద్ధురాలు, నా విభూతిరేఖలవైపు ఒకమారు చూసి, ఏమైనా పోగొట్టుకొన్నారా అని దయతో అడిగింది. కాదమ్మా అన్నాను. ఎంతో సేపటివరకు ఆ ప్రశ్న నన్ను విడువలేదు. అలసి, వాగు ఒడ్డున కూలిపడి ఉన్న ఒక బీచ్ మానుపై కూర్చుని కాసేపు జపం చేసుకొన్నాను. చీకటిపడే వేళకు వెనుదిరిగాము.

ఇంటికి పోయేముందు కారువద్ద నిలబడి వాడు తన ఫోనులో ఏదో వ్రాయబోయాడు. ఏమిటని అడిగాను.

"కనబడలేదని వ్రాయాలండి."

"ఎందుకు? ఎవరూ చూడలేదుగదా. దొరికినప్పుడు వ్రాద్దాం."

"అట్లా కాదండి. వెతికి కనుగొనలేకపోతే ఆ మాట వ్రాయాలి. అది పద్ధతి. పెట్టె అసలు అక్కడ ఉన్నదో లేదో దాచినాయనకు తెలియాలి గదా. తరువాత వచ్చేవాళ్ళకూ ఉపయోగం."

నేను వెంటనే ఒక యుక్తి పన్నాను. అన్వేషణం ఇంకా సమాప్తం కాలేదు, కేవలం విరామమే గనుక, ఫలాభావాన్ని ఇప్పుడే ప్రకటించడం అసంగతం అన్నాను. వాడు నవ్వాడు. ఎన్నాళ్ళకో వాడు నావైపు చూసి నవ్వడం. "నాన్నగారూ, ఇది భాష్యం" అన్నాడు. వ్రాశాడు. మా నాన్నగారూ నేనూ వెతికాము, కనబడలేదు, మళ్ళీ వస్తాము అని. దాని ప్రక్కన ఆ క్రీడాకారుల సంప్రదాయం ప్రకారం నీలిరంగులో ఒక విచారముఖం వెలిసింది. అది నా పేరనే వెలిసినట్లు తోచి నాకు ముఖం చిన్నబోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఛాందోగ్యం ఎనిమిదవ అధ్యాయంలో నేను ఆ రోజు ప్రవచనం చేసిన భాగమే మనసులో తిరుగసాగింది. భూమిలో మరుగుపడి ఉన్న హిరణ్యనిధిపై, ఆ క్షేత్రాన్ని ఎరుగనివారు మరల మరల నడుస్తూనే ఉంటారు గాని దానిని పొందరని అక్కడ శ్రుతి చెబుతుంది. అట్లే ఈ ప్రజలు దినదినమూ సుషుప్తిలో బ్రహ్మలోకాన్ని చేరుతూనే దానిని ఎరుగరని చెబుతుంది. అందుకు కారణం కూడా శ్రుతియే చెప్పింది. వారు అనృతంచేత మరలింపబడినవారని. ఆ అనృతాన్ని అవిద్యగా, బాహ్యవిషయ తృష్ణగా వ్యాఖ్యానించి నేను ఎందరికో చెప్పాను. అది సంప్రదాయార్థమే, దానిని కాదనడం లేదు. కాని ఆ రాత్రి ఆ పదం తన సామాన్యార్థంతోనే నాకు గుచ్చుకొన్నది. అనృతమంటే అబద్ధం. పదమూడేళ్ళ బాలుడు చూశారా అని అడిగినప్పుడు, చూడలేదు అన్న మాట నా నోట రాకుండా నేను ఇరవై నిమిషాల శాస్త్రాన్ని అడ్డు పెట్టాను. చెప్పినదంతా సత్యమే. అది నిలబడిన చోటు మాత్రం సత్యం కాదు. నేను కూర్చున్న వ్యాసపీఠం, ధరించిన శాలువ, శిష్యులు పెట్టే నమస్కారం, ఇవన్నీ కలిసి నేను కనుగొన్నవాడనని నా తరఫున పలుకుతుంటే నేను కాదనలేదు.

తరువాతి సోమవారం మళ్ళీ వెళ్ళాము. ఈసారి సూచనను విప్పాము. దాచినవారు ఇచ్చే సూచన గూఢలిపిలో ఉంటుంది. ఆంగ్లాక్షరాలను పదమూడేసి స్థానాలు జరిపి వ్రాస్తారు. కటపయాది సంఖ్యలతో పెరిగినవానికి అది కష్టం కాలేదు, కాగితంమీద నేనే విప్పాను. అలసిపోయావా, కూర్చో అని వచ్చింది. వెతికేవారిని పరిహసిస్తున్నాడని ఇద్దరమూ అనుకొన్నాము. మళ్ళీ దొరకలేదు. నేను మళ్ళీ ఆ మానుపైనే కూర్చున్నాను. ఈసారి నేనే, మళ్ళీ కనబడలేదని వ్రాయి అన్నాను.

తిరుగుదారిలో వాడే కారు నడుపుతున్నాడు. వెలుగు తగ్గుతున్నది. నేను ముందు సీటులో కూర్చుని, అద్దంలోనుంచి బయటికి చూస్తూ అన్నాను: "నాలుగేళ్ళ క్రితం ఒకటి అడిగావు. చూశారా అని."

వాడు మాట్లాడలేదు.

"నాకు కనబడలేదు నాయనా."

ఒక కూడలివద్ద ఎర్రదీపం పడింది. కారు ఆగింది. పచ్చదీపం వెలిగి, బండి కదిలిన తరువాత, రోడ్డుమీదనుంచి చూపు మరల్చకుండా అడిగాడు: "వెతుకుతున్నారాండి?"

"వెతుకుతున్నాను."

"సరేనండి" అన్నాడు. పదమూడవ ఏట అన్న మాటే. ధ్వని వేరు.

వాడు సంధ్యావందనం మళ్ళీ మొదలుపెట్టాడా అని పాఠకులు అడగవచ్చు. లేదు. ఇప్పుడు దూరపు విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు, అక్కడి సంగతి నేను అడగను. ప్రశ్నలు మాత్రం వేస్తున్నాడు, రాత్రి పదకొండు గంటలకు ఫోనులో. తెలియనిచోట తెలియదని చెబుతున్నాను. ఆ మాట మొదటి పదిసార్లు గొంతులో అడ్డుపడింది. ప్రవచనాలలో కూడా, ఇది శ్రుతివాక్యం, ఇది ఆచార్యుల వ్యాఖ్యానం, ఇంతవరకు నా అనుభవంలో ఉన్నది, ఇంతకుమించి లేదు అని విడదీసి చెప్పడం ఆరంభించాను. కొందరు భక్తులకు ఇది రుచించలేదు. అర్చకుడు అట్లా అనవచ్చునా అని ఒక పెద్దమనిషి నొచ్చుకొన్నారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. గాంధారదేశీయుని కళ్ళగంతలు విప్పి దిక్కు చూపినవాడు ఆ దిక్కు సరిగా తెలిసినవాడై ఉండాలి గదా అన్నది ఆయన ఆశయం. దిక్కు తెలుసు. ఊరు చేరానని మాత్రం నేను చెప్పను.

ఆ నిక్షేపం ఏమైందో చెప్పాలి. కార్తికమాసం ప్రవేశించి ఆకులన్నీ రాలిపోయిన తరువాత మూడవసారి వెళ్ళాము. కొమ్మల నడుమనుంచి ఆకాశం బాగా కనిపిస్తున్నది. యంత్రం తడబడలేదు. నేరుగా కూలిన బీచ్ మానువద్దకు తెచ్చింది. నేను యంత్రాన్ని జేబులో పెట్టి, అలవాటు చొప్పున మానుపై కూర్చున్నాను. వాడు నా కాళ్ళవైపు చూసి, వంగి, నా మడమల వెనుక ఉన్న ఒక బల్లపరుపు రాతిని ప్రక్కకు జరిపాడు. మాను అడుగున తొర్ర. అందులో సైనికులు తూటాలు దాచుకొనే ఆకుపచ్చని ఇనుపపెట్టె. రెండుసార్లు దానిపై కూర్చుని జపం చేసుకొన్నవాడను నేను. అలసినవారిని కూర్చోమన్నాయన పరిహాసమాడలేదు.

పెట్టెలో ఒక పుస్తకం, ముక్కు అరిగిన పెన్సిలు, రెండు గోళీలు, ఒక బొమ్మకారు, ఎవరో ఉంచిన విదేశీ నాణెం. మేము ఏమీ తీసుకోలేదు. ఒక రూపాయి బిళ్ళ ఉంచాము. వాడు ఆంగ్లంలో తేదీ వేసి తన పేరు వ్రాశాడు. నేను దాని క్రింద తెలుగులో కార్తిక శుద్ధ విదియ అని వ్రాసి, చాలాసేపు ఆలోచించి, మూడవసారి అని చేర్చాను. పెట్టెను ఉన్నది ఉన్నట్లుగా తొర్రలో పెట్టి, రాతిని జరిపి, పైన ఎండుటాకులు కప్పాము. తరువాత వచ్చేవారు కూడా మాలాగానే వెతకాలని వాడు పట్టుబట్టి మరి కొన్ని ఆకులు పోశాడు.

బయలుదేరేముందు యంత్రంలో శ్రీశైలాన్ని పెట్టి చూశాను. నిలబడి ఉన్నాను గనుక బాణం అటూ ఇటూ తిరుగుతున్నది.

"నడవండి నాన్నగారూ" అన్నాడు వాడు.

నడిచాను. ఏడెనిమిది అడుగులకు బాణం నిలిచింది.